ఆఫీసు మొదలయ్యాక పంపులో పాలు తగ్గుతున్నాయి – పెంచుకోవడం ఎలా?

సిరిమువ్వ_హైద్
పాపకి ఐదో నెల. పోయిన సోమవారం నుంచి ఆఫీసుకి వెళ్తున్నాను. పొద్దున 9కి ఇల్లు వదిలితే మళ్లీ చేరేసరికి రాత్రి 7. ఆఫీసులో మధ్యాహ్నం 1కి, 5కి డబుల్ ఎలక్ట్రిక్ పంపుతో తీస్తున్నా. మొదట్లో రెండు విడతలకీ కలిపి 220 మి.లీ. వచ్చేవి, ఇప్పుడు 130 దాటడం లేదు. ఇంట్లో అత్తయ్య సీసాతో 400 దాకా పట్టిస్తున్నారు. ఫ్రీజర్‌లో దాచినవి అయిపోవస్తున్నాయి. మెంతుల నీళ్లు, వెల్లుల్లి కారం, బొప్పాయికాయ కూర అన్నీ నడుస్తున్నాయి. పాలు పడాలంటే ఇంకేం తినాలి?

పాలవెల్లి
తిండి సంగతి తర్వాత చూద్దాం సిరిమువ్వ గారూ, ముందు లెక్క సరిచేద్దాం. నెల నిండిన దగ్గర్నుంచి ఆరో నెల దాకా తల్లిపాలే తాగే బిడ్డ రోజుకి సుమారు 750–800 మి.లీ. తాగుతుంది. 600తో హాయిగా ఎదిగేవాళ్లూ ఉంటారు, 900 అడిగేవాళ్లూ ఉంటారు. పోతపాలలా నెలనెలా కొలత పెంచుకుంటూ పోనక్కర్లేదు. 24 గంటలకి పంచితే గంటకి 30–35 మి.లీ. పది గంటలు మీరు ఇంట్లో ఉండరు కాబట్టి 300–350 చాలాలి. బయల్దేరే ముందు ఒకసారి, ఇల్లు చేరగానే ఒకసారి మీరే ఇస్తే 300కే సరిపోవచ్చు. అంటే మీకున్న లోటు 270 కాదు, 170. అందులోనూ కొంత సీసా పట్టే తీరు వల్ల వచ్చిందే.

రెండోది, మీ వేళలు. ఎనిమిదిన్నరకి పాపకి ఇచ్చి మళ్లీ ఒంటిగంట దాకా తీయకపోతే నాలుగున్నర గంటలు రొమ్ము నిండే ఉంటుంది. నిండిన రొమ్ములో పాల తయారీ దానంతట అదే నెమ్మదిస్తుంది. పాలలోనే ఉండే పదార్థం ఒకటి ఆ పని చేస్తుంది. రోజూ అలా నిండి ఆగుతుంటే, ఇంతకన్నా అక్కర్లేదు కాబోలని ఒళ్లు సర్దుకుంటుంది. మీకు జరిగింది అదే అనుకుంటున్నా. రెండు విడతలు ఇరవైయేసి నిమిషాల బదులు మూడు విడతలు పన్నెండేసి నిమిషాలు తీయండి: 10:45, 1:30, 4:15. మొత్తం సమయం దాదాపు అంతే, వచ్చేవి ఎక్కువ.

పాప నోటితో తాగినవీ పంపుతో తీసినవీ కలిపి రోజుకి 7–8 సార్లకి తగ్గనివ్వకండి. రాత్రి పాలు మాన్పించే ఆలోచన ఉంటే వాయిదా వేయండి. పాలు తయారుచేయించే ప్రొలాక్టిన్ రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది.

పంపు_పురాణం
పై లెక్కకి నాదో చేర్పు. పంపు ఏదో, కప్పు సైజు ఎంతో చెప్పకుండా "పాలు తగ్గాయి" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. సగం కేసుల్లో తగ్గింది పాలు కాదు, పంపు పట్టు.

కప్పు, అదే ఫ్లాంజ్. డబ్బాలో వచ్చేది సాధారణంగా 24 మి.మీ., కొన్నింట్లో 28. మన ఆడవాళ్లలో చాలామందికి అది పెద్దదే. పంపు పెట్టకముందు, చనుమొన కొంచెం లేచి ఉన్నప్పుడు, దాని మొదలు దగ్గర అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లుందో కొలవండి. జామెట్రీ బాక్సులో స్కేలు చాలు. చుట్టూ ఉన్న నల్ల వలయాన్ని కలపొద్దు, మొన మాత్రమే. వచ్చిన అంకెకి సున్నా నుంచి 3 మి.మీ. దాకా కలిపితే మీ సైజు. 15 వస్తే 17 గానీ 18 గానీ. కొత్త కప్పు కొనక్కర్లేదు, 24 కప్పులోకి దూరే సిలికాన్ ఇన్సర్ట్‌లు 17, 19, 21 సైజుల్లో దొరుకుతాయి. కుడీ ఎడమా వేరే సైజులు రావచ్చు, కంగారుపడకండి.

పెద్దదైతే నల్ల వలయం కూడా కప్పు మధ్య గొట్టంలోకి, అదే సొరంగంలోకి, లాక్కుపోతుంది, తీశాక మొన ఉబ్బి చుట్టూ మెత్తగా వాచి ఉంటుంది, రొమ్ము అంచుల్లో పాలు గట్టిగా మిగిలిపోతాయి. చిన్నదైతే మొన గోడలకి రాసుకుని తెల్లబడుతుంది, మంట. సరైనదైతే మొన ముందుకీ వెనక్కీ తేలిగ్గా కదులుతుంది, వలయం పెద్దగా కదలదు. ఒక చుక్క కొబ్బరినూనె సొరంగం లోపల రాస్తే రాపిడి తగ్గుతుంది, కడిగేటప్పుడు మాత్రం జిడ్డు పూర్తిగా పోవాలి.

తర్వాత వాల్వ్. బాతుముక్కులా ఉండే ఆ చిన్న సిలికాన్ ముక్కే మొత్తం పట్టుకి ఆధారం. రోజూ మూడు నాలుగుసార్లు వాడితే నెలా రెండు నెలల్లో సాగిపోతుంది. పైనుంచి నీళ్లు పోసి చూడండి, చీలిక నుంచి బొట్లు కారితే పారేయండి. కడిగేటప్పుడు చీలికలోకి వేలు గానీ బ్రష్ గానీ దూర్చొద్దు, తొందరగా చిరగడానికి అదే కారణం. బ్యాక్‌ఫ్లో అనే గుండ్రటి డబ్బీలో పల్చటి పొర ఉంటుంది, అక్కడ తడి చేరినా పట్టు సగానికి పడిపోతుంది. గొట్టాల్లో ఆవిరి కనిపిస్తే సీసా విప్పేసి, ఉత్త గొట్టాలతో రెండు నిమిషాలు పంపు నడపండి, ఆరిపోతుంది. ఛార్జింగ్ పంపు అయితే బ్యాటరీ అడుగంటేటప్పటికి లాగడం తగ్గుతుంది. మధ్యాహ్నం కన్నా సాయంత్రం విడతలో తక్కువ రావడానికి అదీ ఒక కారణం కావచ్చు.

సిరిమువ్వ_హైద్
ఇప్పుడే కొలిచాను. కుడి 15, ఎడమ 16. వాడుతున్నది 24. వాల్వులు పంపుతో వచ్చినవే, మూడు నెలలు దాటాయి. సక్షన్ 9లో పెడుతున్నాను, పెద్ద నంబరైతే ఎక్కువ వస్తాయని.

పంపు_పురాణం
చూశారా మరి! 17 ఇన్సర్ట్‌తో మొదలెట్టండి, ఎడమవైపు బిగుతుగా ఉంటే 19. వాల్వులు ఈరోజే మార్చండి.

నంబరు సంగతి: నొప్పి మొదలైతే చేపు, అంటే పాలు దిగడం, రాదు. చేపు రాకపోతే పంపు ఎంత లాగినా లోపలి పాలు కదలవు. కొంచెం ఇబ్బంది అనిపించే వరకూ పెంచి, అక్కడి నుంచి ఒక మెట్టు దించండి. చాలామందికి 4–6 మధ్యే ఆగుతుంది. మొదట రెండు నిమిషాలు చిన్నగా, వేగంగా లాగే మోడ్. ధార మొదలవ్వగానే నెమ్మదిగా, లోతుగా లాగే మోడ్. ధార ఆగి బొట్లకి వచ్చాక ఆపేయకుండా మళ్లీ మొదటి మోడ్ నొక్కితే రెండో చేపు వస్తుంది. ఈ ఒక్కటి తెలియక చాలామంది ఎనిమిదో నిమిషానికే సీసాలు విప్పేస్తారు.

నర్సమ్మ_వైజాగ్
చేతుల మాట ఎవరూ ఎత్తలేదు. పంపు పెట్టేముందు అరచేత్తో రొమ్మంతా ఒక నిమిషం మెల్లగా నిమరండి, పిసకొద్దు. పంపు నడుస్తుండగా గట్టిగా తగిలే చోట మెత్తగా అదిమి పట్టుకోండి. అయ్యాక రెండు మూడు నిమిషాలు చేత్తో పిండండి: బొటనవేలు పైన, రెండు వేళ్లు కింద, మొన నుంచి మూడు నాలుగు సెం.మీ. వెనక. ముందు ఛాతీ వైపు వెనక్కి నొక్కాలి, తర్వాత వేళ్లు దగ్గరకి తేవాలి, వదలాలి. వేళ్లు చర్మం మీద జారకూడదు. చివర్లో వచ్చే ఆ పాలు వెన్న ఎక్కువున్నవి, పైగా రొమ్ము బాగా ఖాళీ అయితే తర్వాతి విడత త్వరగా నిండుతుంది.

ఇక అత్తగారి సీసా. పడుకోబెట్టి సీసా నిలువుగా ఎత్తి పట్టిస్తే పాలు వాటంతటవే కారిపోతాయి, పాప మింగక తప్పదు. పది నిమిషాల్లో 150 అయిపోతే "ఇంకా ఆకలిగా ఉంది పాపం" అని ఇంకో 50 పోస్తారు. పాపని కూర్చోబెట్టినట్టు పట్టుకుని, సీసా దాదాపు అడ్డంగా, తక్కువ ధార నిపుల్‌తో, నాలుగైదు గుటకలకోసారి కిందికి వంచి ఆపుతూ పట్టాలి. ఒక విడతకి 80–100 మి.లీ., పావుగంట పట్టాలి. తల తిప్పేసుకుంటే అక్కడితో ఆపేయాలి, మిగిలాయని కుక్కకూడదు. అసలు నన్నడిగితే సీసా కన్నా ఉగ్గుగిన్నె మేలు. కడగడం తేలిక, మూలల్లో పాలు చిక్కవు, రొమ్ము పట్టడం మర్చిపోయే ఇబ్బందీ ఉండదు. మీ అత్తగారికి చేతిలో పని కూడా.

చిన్నారి_అమ్మ_డాలస్
ఉగ్గుగిన్నె మంచిదే కానీ నర్సమ్మ గారూ, డేకేర్‌లో దింపేవాళ్లకి కుదరదు కదా. ఇక్కడ సీసా తప్ప ఒప్పుకోరు. నేను చూసినంతలో నెమ్మదిగా పట్టే పద్ధతి కాగితం మీద రాసి డబ్బాకి అంటిస్తే పాటిస్తారు. ఒక్కో సీసాలో 90 మాత్రమే పోసి, అదనంగా 30 మి.లీ. సీసాలు రెండు పంపండి. పెద్ద సీసా పంపితే మొత్తం పట్టించేస్తారు, లేదా మిగిలింది పారబోస్తారు. నోరు పెట్టిన సీసాలో మిగిలిన పాలు రెండు గంటల్లో వాడాలి, దాటితే పారబోయడమే.

బాలింతకారం
అన్నీ సరే, తిండికి ఏ పాత్రా లేదన్నట్టు మాట్లాడుతున్నారు. మెంతులు, శతావరి, వెల్లుల్లి, పాలసొర చేప పుట్టు తరతరాలుగా బాలింతలకి పెడుతున్నవే.

పాలవెల్లి
పాత్ర ఉంది, మొదటి మెట్టు మాత్రం అది కాదు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ రోజుకి అదనంగా 600 కేలరీలు కావాలని హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. ఆఫీసుకి వెళ్తూ పొద్దున టిఫిన్ ఎగ్గొట్టి, మధ్యాహ్నం డబ్బాలో గుప్పెడు పులిహోరతో సరిపెట్టుకునేవాళ్లకి తిండి పెంచితే తేడా తప్పకుండా కనిపిస్తుంది. రెండు గుడ్లు, ఒక గిన్నె పప్పు, పిడికెడు వేరుశనగలు, పెరుగు. నీళ్లు దాహానికి తగ్గట్టు. దాహం లేకుండా లీటర్ల కొద్దీ తాగితే పాలు పెరగవు, పంపు గదికన్నా బాత్రూమ్‌కే ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుంది.

మెంతులు కొందరికి పనిచేసినట్టు, కొందరికి ఏమీ చేయనట్టు పరిశోధనల్లో కనిపిస్తుంది. పోపులో, కూరలో అయితే ఇబ్బంది లేదు. చెంచాల కొద్దీ పొడి, క్యాప్సూల్స్ మింగితే కడుపుబ్బరం, విరేచనాలు, పాపకీ గ్యాస్. షుగర్ మందులు, థైరాయిడ్ మాత్రలు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టొద్దు. శనగలు, వేరుశనగలు పడనివాళ్లకి మెంతులూ పడకపోవచ్చు.

నర్సమ్మ_వైజాగ్
పాలసొర మా వైపు మాటే కాబట్టి చెబుతున్నా. మాంసకృత్తులకి మంచిదే, అంతకుమించి పాలు పట్టించే గుణం ఉందని రుజువేం లేదు. పైగా సొరల్లో, అందులోనూ పెద్దవాటిలో, పాదరసం పేరుకుంటుంది. వారం వారం వండొద్దు. కవళ్లు, నెత్తళ్లు లాంటి చిన్న చేపలు నయం.

కొత్తమ్మ_గుంటూరు
మా వీధి మందుల షాపులో పాలు పడటానికి డాంపెరిడోన్ ఇస్తామన్నారు. పదిరోజులు వేసుకోవచ్చా?

నర్సమ్మ_వైజాగ్
షాపువాడి మాట మీద వద్దమ్మా. అది వాంతులకి వాడే మందు, ప్రొలాక్టిన్ పెంచుతుంది కాబట్టి డాక్టర్లు కొందరికి పాల కోసం రాస్తారు. కొందరిలో గుండె లయ తప్పిస్తుంది. కుటుంబంలో గుండె జబ్బు ఉన్నా, నోటిపూతకి ఫ్లుకోనజోల్ వాడుతున్నా, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ నడుస్తున్నా ప్రమాదం ఇంకా పెరుగుతుంది. చాలా రోజులు వాడి ఒక్కసారి ఆపితే ఆందోళన, నిద్ర పట్టకపోవడం. ఆపేటప్పుడు మెల్లగా తగ్గించాలి. పంపు సైజు, వేళలు సరిచేశాక కూడా పడకపోతే అప్పుడు డాక్టరు దగ్గరికి, ఈసీజీ తీయించుకుని.

డాక్టరు దగ్గరికి వెళ్తే ఇవీ అడగండి: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్. నెలసరి మళ్లీ మొదలైతే దానికి ముందు కొద్దిరోజులు పాలు తగ్గి, తర్వాత సర్దుకుంటాయి. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటే ఒక్క మాత్రకే తగ్గవచ్చు, స్ట్రిప్ వెనక చదవండి. గర్భనిరోధక మాత్రలు కూడా. మాలా-ఎన్‌లో ఈస్ట్రోజన్ ఉంటుంది, పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ అది సరిపడదు. ఛాయ మాత్రలో హార్మోన్ లేదు, దానితో పాలకి ఇబ్బంది లేదు. ఆశా కార్యకర్త రెండూ ఇస్తుంది కాబట్టి ఏది తీసుకుంటున్నారో చూసుకోండి.

పాలపిట్ట_వరంగల్
మీరందరు ఆఫీసు, ఫ్రిజ్ అంటున్నరు. నేను సర్కారు బళ్లె టీచర్ని. ఫ్రిజ్ లేదు, గదికి గొళ్లెం గూడ సరిగ్గ పడది, పంపు సప్పుడుకు పిల్లలు తొంగి చూస్తరు. గట్లాంటోళ్లు ఏం చెయ్యాలె?

పంపు_పురాణం
మీకు ఎలక్ట్రిక్ వద్దు అక్కా. చేత్తో నొక్కే మాన్యువల్ పంపుకి మోటారు చప్పుడు ఉండదు, కరెంటూ అక్కర్లేదు, కప్పు సైజు నియమం దానికీ అదే. అసలు చెయ్యి అలవాటైతే మరగబెట్టిన స్టీలు గ్లాసు, మూత చాలు. పైన చీర కొంగో చున్నీయో కప్పుకుంటే పది నిమిషాల పని.

దాచడానికి థర్మోకోల్ పెట్టె గానీ ఇన్సులేటెడ్ సంచి గానీ, రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టిన జెల్ ప్యాకులు మూడు. పాల సీసాలు ప్యాకులకి ఆనుకుని ఉండాలి, మధ్యలో గుడ్డ చుట్టొద్దు. సాయంత్రం ఇల్లు చేరేసరికి ప్యాకు ఇంకా గట్టిగా ఉంటే పాలకి ఢోకా లేదు. అలా 24 గంటల దాకా ఉంచవచ్చు. బయట పెడితే 4 గంటలు అనే లెక్క 25 డిగ్రీల గదికి. ఓరుగల్లు ఏప్రిల్‌కి అది వర్తించదు, పిండిన వెంటనే పెట్టెలోకి.

పాలపిట్ట_వరంగల్
మంచిగ చెప్పిన్రు. స్టీలు గ్లాసు ముచ్చట మా అమ్మకు గూడ నచ్చింది.

లెక్కలమాస్టారి_కోడలు
దాచే విషయంలో ఇంకొన్ని. ఫ్రిజ్‌లో 4 రోజులు, వెనక గోడ వైపు. తలుపు అరలో పెట్టొద్దు, తెరిచినప్పుడల్లా వేడెక్కుతుంది. ఒకే తలుపు ఫ్రిజ్‌లో పైన ఉండే చిన్న ఐసు గదిలో రెండు వారాలే లెక్కేసుకోండి. విడి తలుపున్న ఫ్రీజర్‌లో ఆరు నెలల దాకా. 60–90 మి.లీ. చొప్పున సంచుల్లో పోసి, పైన వేలెడు ఖాళీ వదిలి, తేదీ రాసి పళ్లెం మీద పడుకోబెట్టి గడ్డకట్టించండి. పల్చగా ఉంటే తొందరగా కరుగుతుంది. అప్పుడే తీసిన గోరువెచ్చటి పాలు చల్లటి పాలలో నేరుగా కలపొద్దు, ముందు చల్లబరచండి. కరిగించినవి 24 గంటల్లో వాడెయ్యాలి. వేడి చేయడం గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో పెట్టి, మైక్రోవేవ్ వద్దు.

కరెంటు పోతే ఫ్రీజర్ తెరవకండి. వచ్చాక చూస్తే మధ్యలో ఇంకా ఐసు ముక్కలుంటే తిరిగి గడ్డకట్టించవచ్చు. పూర్తిగా కరిగి చల్లగా ఉంటే ఆ రోజుకి వాడెయ్యండి.

రాత్రిషిఫ్ట్_రమ్య
పవర్ పంపింగ్ అని అందరూ అంటారు, దాంతో నిజంగా ఉపయోగం ఉందా? నాది అమెరికా షిఫ్టు, పొద్దున ఇంటికొచ్చాక ఒక గంట దొరుకుతుంది.

పాలవెల్లి
కొందరికి ఉంటుంది. 20 నిమిషాలు తీయడం, 10 ఆపడం, 10 తీయడం, 10 ఆపడం, 10 తీయడం. రోజుకోసారి, వారం పాటు. బిడ్డ ఎదుగుదల దశలో మాటిమాటికీ రొమ్ము అడిగినట్టు చేయడమే దీని కిటుకు. మొదటి రెండు మూడు రోజులు సీసాలో ఏమీ కనపడదు, నిరాశపడి ఆపేస్తారు. అయితే కప్పు సైజు తప్పుగా ఉండి గంట సేపు లాగితే మొన పుండు పడటం తప్ప ఒరిగేదేం లేదు. షిఫ్టు వాళ్లకి ఇంకో మాట: మీ పగలూ రాత్రీ తిరగబడినా గంటల లెక్క అదే, మూడు గంటలకోసారి. తెల్లవారుజామున 3–5 మధ్య డ్యూటీలో తీసే విడత వదులుకోకండి, ఎక్కువ వచ్చేది అప్పుడే.

పాలు బాగానే పడుతున్నవాళ్లు మాత్రం ఊరికే జోలికి పోవద్దు. అవసరానికి మించి తీస్తే రొమ్ము గట్టిపడి, గడ్డలు కట్టి, జ్వరం దాకా వెళ్తుంది.

కొత్తమ్మ_గుంటూరు
గడ్డ కడితే వేడి కాపడం పెట్టి గట్టిగా పిసకమంటారు కదా?

నర్సమ్మ_వైజాగ్
పాత పద్ధతి. ఇప్పుడు చల్లటి కాపడం, మామూలు వేళలకే పాలివ్వడం లేదా తీయడం, అదనంగా ఖాళీ చేయకపోవడం. గట్టిగా పిసికితే లోపల వాపు పెరుగుతుంది. 38 డిగ్రీల సెల్సియస్ దాటి జ్వరం వచ్చినా, ఎర్రగా పాకుతున్నా, 24 గంటల్లో తగ్గకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి. పాలు మాన్పించక్కర్లేదు.

సిరిమువ్వ_హైద్
ఆఫీసులో మూడోసారి లేస్తానంటే మేనేజరు గారు ముఖం చిట్లిస్తున్నారు. అడిగే హక్కు ఉందా?

లెక్కలమాస్టారి_కోడలు
ఉంది. మామూలు విశ్రాంతి కాక, బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండు పాలిచ్చే విరామాలు ఇవ్వాలని ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే ఉండేది. 2025 నవంబరు నుంచి దాని స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ అదే మాట. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ గది ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి రావచ్చు అని పాత చట్టానికి 2017 సవరణలో చేర్చారు, స్మృతిలోనూ అది ఉంది. పంపు అనే పదం అందులో లేదు కాబట్టి, హెచ్ఆర్‌కి మెయిల్ రాసేటప్పుడు "పాలిచ్చే విరామాలు" అనే రాయండి. రెండు విరామాలు, మధ్యాహ్న భోజనం కలిపితే మీ మూడు విడతలూ సరిపోయాయి. వేళలు క్యాలెండర్‌లో పెట్టి అడ్డుపెట్టేయండి, మీటింగులు చుట్టూ సర్దుకుంటాయి.

సిరిమువ్వ_హైద్
మెయిల్ పెట్టాను. ఇన్సర్ట్‌లు 17, 19, కొత్త వాల్వులు వచ్చాయి. 17తో కుడివైపు నొప్పి లేదు, ఎడమకి 19 వేశా, సక్షన్ 5. మూడు విడతలకీ కలిపి ఇవాళ 210. అత్తయ్య 330తో సరిపెట్టారు. ఇంకో అనుమానం: ఫ్రీజర్ పాలు కరిగిస్తే సబ్బు వాసన వస్తున్నాయి, పాప ముఖం తిప్పేస్తోంది. పాడైనట్టా?

పాలవెల్లి
పుల్లటి వాసన కాకుండా సబ్బు వాసనే అయితే పాడైనట్టు కాదు. పాలలోని లైపేజ్ అనే ఎంజైమ్ కొవ్వుని విడగొట్టడం వల్ల అలా వస్తుంది, బిడ్డకి హాని లేదు. ఉన్నవాటిని కొంచెం కొంచెం తాజా పాలలో కలిపి పట్టించి చూడండి: 20కి 60 తాజావి, పాప ఒప్పుకుంటే సగం సగం. రెండూ చల్లగా ఉన్నప్పుడే కలపండి. ఇకమీద దాచేవాటికి మాత్రం ముందే జాగ్రత్త పడాలి, వాసన వచ్చాక వేడి చేసినా పోదు. తీసిన రోజే గిన్నెలో సన్న మంట మీద పెట్టి, అంచుల్లో చిన్న చిన్న బుడగలు లేవగానే దించేయండి. పొంగు రానివ్వొద్దు. గిన్నెని వెంటనే ఐసు నీళ్లలో పెట్టి చల్లార్చి, సంచుల్లో పోసి ఫ్రీజర్‌లోకి. వేడికి పాలలోని కొన్ని మంచి గుణాలు తగ్గుతాయి కాబట్టి రేపటికి పట్టించేవాటికి ఈ పని అక్కర్లేదు. ముందు ఒక సంచిని ఐదు రోజులు గడ్డకట్టించి వాసన చూడండి, అప్పుడు మిగతావి కాచాలో లేదో తేలుతుంది.

సిరిమువ్వ_హైద్
ఇవాళ రాత్రి ఒక సంచి పెడుతున్నా, తేదీ రాసి.